గరీబ్‌పేట ఎర్రరాయి: నవరత్నాలకు వెలుపలి చరిత్ర

తెలుగువారి రత్నాల చరిత్ర అంటే ఇంతవరకు వజ్రాల చరిత్రే. కొల్లూరు గనులు, గోల్కొండ బజారు, కోహినూరు, టావెర్నియర్ యాత్ర – ఈ నాలుగు మాటలతో మన పాఠ్యపుస్తకాలు ఆ అధ్యాయాన్ని ముగిస్తాయి. ఆ చరిత్రలో రాజులుంటారు, దండయాత్రలుంటాయి, కిరీటాలుంటాయి. రాయిని మట్టిలో నుంచి ఏరిన చెయ్యి మాత్రం కనిపించదు. కిరీటానికెక్కని రాయి సంగతి అసలే ఉండదు. అటువంటి రాయి ఒకటి మన తెలంగాణ నేలలో ఉంది. దాని పేరు గార్నెట్. దానికి మన వాడుకలో స్థిరమైన పేరు కూడా లేకపోవడం గమనార్హం. ఈ పేరులేనితనానికి కారణాలు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లో ఒక్కసారి నడిచి చూస్తే ఈ ప్రశ్న ఎంత వర్తమానమైనదో తెలుస్తుంది. అవి ఒకనాడు రాళ్లగుట్టలు. ఆ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఆ గుట్టలను పగలగొట్టి బంగళాలు, స్టూడియోలు కట్టారు. మద్రాసు నుంచి తెలుగు సినిమా ఇటు తరలివచ్చిన క్రమంలో 1976 నాటికి బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చింది. ఈనాడు ఆ రోడ్ల మీద నగల దుకాణాల అద్దాలు మెరుస్తుంటాయి. అదే గుట్ట వాలులో సినిమా కార్మికుల బస్తీలున్నాయి. జాతకం చూసి ఉంగరానికి రాయి నిర్ణయించే జ్యోతిష్కుడికి ఇక్కడ గిరాకీ ఎక్కువ. కోట్ల రూపాయలు ఒక్క శుక్రవారం మీద పందెం కాసే పరిశ్రమలో భయం కూడా కోట్ల రూపాయలదే. ఆ భయానికి నవగ్రహాలు కావాలి, నవగ్రహాలకు నవరత్నాలు కావాలి. వందల కోట్ల సంవత్సరాల రాతి మీద నిలబడి, వేలెడు ఉంగరంలోని రాయిని నమ్ముకోవడం మన కాలపు వైచిత్రి.

రాయి – పేరు

గార్నెట్ ఒకే రాయి కాదు, ఒక కుటుంబం. ఇవన్నీ సిలికేట్లు. లోపల ఇనుము ఉంటే ఒక రకం, మెగ్నీషియం ఉంటే మరొకటి, మాంగనీసు ఉంటే ఇంకొకటి, కాల్షియం ఉంటే వేరొకటి. ఇనుము, అల్యూమినియం కలిసినదాన్ని ఆల్మండైన్ అంటారు. మన గరీబ్‌పేటలో దొరికేది ప్రధానంగా ఇదే. ఊదా ఛాయ కలిసిన ముదురు ఎరుపు దీని రంగు. స్ఫటికం సహజంగానే పన్నెండు ముఖాలతోనో ఇరవైనాలుగు ముఖాలతోనో పెరుగుతుంది. సాన పట్టక ముందే ఎవరో చెక్కినట్టు ఉంటుంది. కాఠిన్యంలో వజ్రం 10, కెంపు 9 అయితే గార్నెట్ 7 దరిదాపుల్లో ఉంటుంది. బరువులో నీటికి నాలుగు రెట్లు. ఇనుము ఉండడం వల్ల బలమైన అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆల్మండైన్ దానివైపు లాగబడుతుంది. కెంపు అలా చెయ్యదు.

దానిమ్మ గింజను పోలి ఉండడం వల్ల లాటిన్‌లో దీనికి గింజ అనే అర్థమిచ్చే పేరు వచ్చింది. గార్నెట్ అనే మాటకు మూలం అదే. అంతకు ముందు రోమన్లు ఎర్రగా మెరిసే రాళ్లన్నింటినీ కలిపి కార్బంకులస్ అన్నారు. చిన్న నిప్పుకణిక, చిన్న బొగ్గు అని దాని అర్థం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఈ నిప్పురాళ్లలో భారతదేశానివి కూడా ఉన్నాయని రాశాడు.

మన భాషలోనూ ఇదే జరిగింది. కెంపు అంటే మొదట ఎరుపు. తర్వాతనే అది ఒక రత్నం పేరు. రసాయన శాస్త్రం రాకముందు రత్నాల పేర్లన్నీ దాదాపు రంగుల పేర్లే. కెంపు అల్యూమినియం ఆక్సైడ్ అనీ, గార్నెట్ సిలికేట్ అనీ, స్పినెల్ వేరొకటి అనీ విడదీయడం ఆధునిక కాలపు పని. ఇంగ్లండు రాజకిరీటంలో శతాబ్దాలుగా కెంపుగా గౌరవం పొందిన బ్లాక్ ప్రిన్స్ రూబీ నిజానికి స్పినెల్ అని తేలింది. అలాగే మన పెద్దల దుద్దుల్లో, ముక్కుపుడకల్లో కెంపులని పిలిచినవాటిలో గార్నెట్లు కొన్ని ఉండే ఉంటాయని ఊహించడం తప్పు కాదు. పేరు రాజుకు చెందింది, రాయి మాత్రం వేరు.

శాస్త్రం చేసిన పని

మన రత్నశాస్త్రాలు ప్రాచీనమైనవి. కౌటిల్యుని అర్థశాస్త్రం కోశంలోకి తీసుకోదగిన రత్నాలను పరీక్షించే పద్ధతిని చెప్పింది. వరాహమిహిరుని బృహత్సంహితలో రత్నపరీక్ష ఉంది. గరుడపురాణంలో కొన్ని అధ్యాయాలు రత్నాలవే. వాటిలో పులకం అనే మణికి ఒక అధ్యాయం ఉంది. ఆ పులకం గార్నెట్టేనని కొందరు పండితుల నిర్ణయం. తెలుగులో గౌరన కుమారుడు భైరవకవి రత్నశాస్త్రం రచించాడు.

ఈ గ్రంథాల్లో పరిశీలన ఉంది. రంగు, కాంతి, బరువు, గీత, మచ్చ – ఇవన్నీ వ్యాపారి కంటితో, పనివాని చేతితో తెలుసుకున్న విషయాలు. ఆ భాగం విజ్ఞానం. కాని దాని మీద మరొక పొర పరిచారు. వజ్రాలకు వర్ణాలు అంటగట్టారు. తెల్లది బ్రాహ్మణునికి, నల్లది శూద్రునికి. భూమి లోతుల్లో కర్బనం ఒత్తిడికి గట్టిపడి వజ్రమైనప్పుడు దానికి కులం లేదు. కులం పైకి వచ్చిన తర్వాత అంటుకుంది. సమాజంలోని అంతస్తులను ప్రకృతి మీద అచ్చువేసి, ఆ ప్రకృతినే సాక్ష్యంగా చూపి సమాజంలోని అంతస్తులను సమర్థించడం భావవాదం పాత ఎత్తుగడ. రత్నశాస్త్రం దీనికి చక్కని ఉదాహరణ. మనం ఇప్పటికీ మంచి రాళ్లను జాతిరాళ్లు అంటున్నాం. 2021లో జాతిరత్నాలు అనే సినిమా పేరు వింటే ప్రేక్షకుడు నవ్వాడు. ఆ నవ్వులో భాషకు తెలిసిన వ్యంగ్యం ఉంది.

గ్రహాలతో ముడిపెట్టడం రెండో పొర. సూర్యునికి కెంపు, చంద్రునికి ముత్యం, కుజునికి పగడం, ఇలా తొమ్మిది. రాహువుకు గోమేధికం. ఈ గోమేధికం తేనెరంగు గార్నెట్. కాల్షియం, అల్యూమినియం కలిసిన రకం. ఎక్కువగా సింహళం నుంచి వచ్చేది. అంటే గార్నెట్ కుటుంబంలో ఒక శాఖకు గ్రహం దొరికింది, నవరత్నాల పీటల మీద చోటు దొరికింది. మన నేలలో దొరికే ఎర్ర ఆల్మండైన్‌కు గ్రహం లేదు. ఎరుపు స్థానం కెంపు ఆక్రమించింది కాబట్టి గార్నెట్ దానికి చవక ప్రత్యామ్నాయంగా మిగిలింది. రసాయనికంగా దాయాదులైన రెండు రాళ్లలో ఒకటి శాంతికి, మరొకటి సంతకు! దీనికి కారణం రాయిలో వెదికితే దొరకదు.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన మూఢత్వమని ఎవరూ అనుకోనక్కరలేదు. నోవా ఓడలో చీకటిని పోగొట్టింది ఒక నిప్పురాయి అని పడమటి కథ. ప్రయాణికుణ్ణి కాపాడుతుందని అక్కడివారు గార్నెట్‌ను ధరించారు. జనవరిలో పుట్టినవారికి గార్నెట్ అని ఈనాడు పత్రికల్లో కనిపించే జన్మరత్నాల పట్టికను 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం ఖాయం చేసింది. మన దగ్గర పురోహితుడు చేసిన పనిని అక్కడ వర్తక సంఘం చేసింది. ఇప్పుడు హైదరాబాదు దుకాణాల్లో రెండు పట్టికలూ ఒకే గల్లాపెట్టె దగ్గర ఉంటాయి. కొనేవాడు దేన్ని నమ్మినా రసీదు ఒకటే.

ఇక ప్రజల కథలు వేరు. వాటిని శాస్త్రంతో కలిపి ఒకే గాటను కట్టడం అన్యాయం. పాము పడగమీద మణి, రాత్రిపూట దాని వెలుగులో మేత వెదుక్కునే నాగు – ఈ కథ చెప్పుకోని పల్లె తెలుగునాట లేదు. వినాయకచవితి నాడు శమంతకమణి కథ వినని ఇల్లు అరుదు. ఆ కథను శ్రద్ధగా వింటే, రోజూ బంగారం పెట్టే మణి ఎవరి చేతిలో పడితే వాడిని చంపుతుంది. ప్రసేనుడు పోయాడు, సత్రాజిత్తు పోయాడు. సాక్షాత్తు కృష్ణునికే దొంగ అన్న నింద వచ్చింది. శాస్త్రం మణి శుభం ఇస్తుందన్నది, కథ మణి చావు తెస్తుందన్నది. సంపద మీద ప్రజలకున్న అనుమానం ఆ కథలో దాగి ఉంది. మన జానపద చిత్రాలు నాగమణిని తీసుకున్నాయి గాని ఆ అనుమానాన్ని తీసుకోలేదు. వెండితెర మీద మణి ఎప్పుడూ కథానాయకుడికి దక్కి తీరుతుంది.

గరీబ్‌పేట నుంచి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పూర్వపు ఖమ్మం జిల్లాలో, 2016 తర్వాత ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, కొత్తగూడెం పట్టణానికి సమీపంలో గరీబ్‌పేట అనే గ్రామం ఉంది. గరీబు అంటే బీద. రత్నాల కొండ పక్కన ఊరికి ఈ పేరు ఉండడం ఏ కవీ కల్పించనక్కరలేని శ్లేష. అక్కడి కొండ రాతిలో గార్నెట్ గింజలున్నాయి. యుగాల తరబడి ఎండకు, వానకు రాయి శిథిలమైతే గింజలు విడిపోయి కొండ పాదాన మట్టిలో పోగుపడ్డాయి. నిజాం రాజ్యంలో పర్యటించిన ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దంలోనే ఈ చోటును గుర్తించి రాశారు. లోతైన గని అవసరం లేదు. మట్టి తవ్వి, కడిగి, ఏరాలి. ఓపిక ఉన్న వేళ్లు కావాలి, అంతే.

2017లో జర్మన్, ఫ్రెంచి, భారతీయ పరిశోధకులు కలిసి గరీబ్‌పేట గార్నెట్ల మీద వివరమైన అధ్యయనం ప్రచురించారు. వారి పద్ధతి తెలుసుకోదగినది. ప్రతి గార్నెట్‌లోనూ పుట్టిన చోటి గుర్తులుంటాయి. ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు ఏ నిష్పత్తిలో ఉన్నాయి, మధ్య నుంచి అంచుకు ఆ నిష్పత్తి ఎలా మారింది, లోపల ఏ ఇతర ఖనిజాల పోగులు చిక్కుకున్నాయి – వీటిని కొలవవచ్చు. గరీబ్‌పేట గింజల నడిమి భాగంలో సిల్లిమనైట్ అనే ఖనిజం సన్నని వెంట్రుకల్లా చిక్కుకొని ఉంటుంది. అంచు నిర్మలంగా ఉంటుంది. ఈ గుర్తులను పాత నగల్లోని రాళ్లతో పోల్చారు. పుదుచ్చేరి సమీపంలోని అరికమేడు పూసలతోనూ, ఐరోపాలో తొలి మధ్యయుగాల నగల్లో పొదిగిన గార్నెట్లలో ఒక పెద్ద వర్గంతోనూ ఇవి సరిపోయాయి.

అరికమేడు మనకు తెలిసిన పేరే. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించిన రేవు పట్టణం. రోము నుంచి వచ్చిన పాత్రలు అక్కడ దొరికాయి. పూసలు తయారుచేసిన ఆనవాళ్లు దొరికాయి. గరీబ్‌పేటకూ అరికమేడుకూ మధ్య ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దూరం రాళ్ల మూటలు ప్రయాణించాయి. రేవులో పూసలవాళ్లు వాటిని అరగదీసి, నునుపు చేసి, బరమాతో రంధ్రం వేశారు. గార్నెట్ పెళుసు. బెజ్జం వేసేటప్పుడు చెయ్యి కొంచెం తప్పితే రాయి రెండు ముక్కలవుతుంది. పగిలిన ప్రతి పూస వెనుక ఒక పనివాని పోయిన పూట ఉంటుంది.

అక్కడి నుంచి సముద్రం. ఐరోపాలో అయిదు, ఆరు శతాబ్దాల్లో గార్నెట్‌కు రాజయోగం పట్టింది. ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ 481 ప్రాంతంలో మరణించాడు. 1653లో టూర్నే పట్టణంలో అతని సమాధి బయటపడినప్పుడు గార్నెట్లు పొదిగిన బంగారు తేనెటీగలు వందలకొద్దీ దొరికాయి. 1831లో పారిస్‌లో దొంగలు పడి వాటిలో దాదాపు అన్నిటినీ ఎత్తుకుపోయారు. రెండు మాత్రమే మిగిలాయి. ఇంగ్లండులో సట్టన్ హూ దగ్గర 1939లో తవ్విన ఓడ సమాధిలోనూ ఈ పనితనమే. బంగారంతో చిన్న చిన్న గదులు కట్టి, ప్రతి గదిలో మిల్లీమీటరు మందం కూడా లేని గార్నెట్ పలకను అమర్చి, దాని కింద గళ్లు నొక్కిన బంగారు రేకు పరిచేవారు. రాయి గుండా పోయిన వెలుగు రేకు మీద పడి తిరిగి వచ్చి ఎర్రగా మండేది. రాయి కింద రేకు వేసే విద్య మన కంసాలికి కొత్తది కాదు. నేల వేరైనా పనివారి తెలివి ఒక్కటే. ఏడో శతాబ్దానికి వచ్చేసరికి అక్కడి నగల్లో భారతదేశపు గార్నెట్ తగ్గి, బొహీమియా రాళ్ల వంటి దగ్గరి సరుకు పెరిగింది. ఎర్రసముద్రం మార్గాల్లో యుద్ధాలు, వర్తకం చెదిరిపోవడం దీనికి కారణమని చాలామంది భావిస్తారు. ఫ్యాషను మారిందని కళాచరిత్ర చెబితే, దారి మూసుకుపోయిందని ఆర్థిక చరిత్ర చెబుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ అధ్యయనం గరీబ్‌పేట ఆ రాళ్లకు మూలం కాగల చోటు అని గట్టి ఆధారాలతో చూపింది. ప్రతి ఐరోపా నగలోని ప్రతి రాయీ మనదేనని అది చెప్పలేదు. సింహళం ఉంది, ఉత్తర భారతం ఉంది. కాని ఇటువంటి వార్త చేతికందగానే ఫ్రాంకుల రాజు కిరీటం మా తాతల సొత్తు అని కేకలు వేసే ధోరణి మనలో ఉంది. వజ్రాల విషయంలో చేసిన పొరపాటే ఇది. గోల్కొండ వజ్రం గొప్పతనం పాడుకుంటూ కొల్లూరు కూలిని మరిచిపోయాం. నిజాం నగల్లో 173 వస్తువులను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. ప్రదర్శన పెట్టినప్పుడు జనం బారులు తీరారు. గోల్కొండ వజ్రాలు, కొలంబియా పచ్చలు, బస్రా ముత్యాలు చూసి అబ్బురపడ్డారు. అదే నిజాం రాజ్యంలోని గరీబ్‌పేటను తలచుకున్నవారు ఎవరు? ఒక దేశపు గర్వానికి మరొక దేశపు రాజు ఒంటి మీది నగను కొలతగా పెట్టుకుంటే, మనం మళ్లీ రాజుల చరిత్రలోకే పోయినట్టు. గరీబ్‌పేట పరిశోధన నుంచి మనం నేర్చుకోవలసింది గర్వం కాదు. మట్టి ఏరిన మనిషికీ, పూస తొలిచిన మనిషికీ, ఓడ ఎక్కించిన మనిషికీ, గూడు కట్టి పొదిగిన మనిషికీ మధ్య ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఏర్పడిన శ్రమ సంబంధం.

బొగ్గు – నిప్పురాయి

రోమన్లు ఈ రాయిని చిన్న బొగ్గు అన్నారని పైన చెప్పాను. చరిత్ర మరొక శ్లేష చేసింది. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనుగొన్నాడు. ఆ తర్వాత సింగరేణి పుట్టింది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఈనాడు గరీబ్‌పేటకు పొరుగున ఉన్న కొత్తగూడెంలో ఉంది. బొగ్గుబావి కార్మికుడు మన సాహిత్యంలోకి వచ్చాడు. అతని మీద కథలు, నవలలు, పాటలు వచ్చాయి. అందుకు కారణం అతను సంఘం పెట్టుకున్నాడు, సమ్మె చేశాడు, తన గొంతు వినిపించాడు. గార్నెట్ ఏరిన మనిషికి సంఘం లేదు, మస్టరు లేదు, పేరు లేదు. అందువల్ల అతను చరిత్రలోనూ లేడు, కథలోనూ లేడు.

ఈ పరిస్థితి గతానికి మాత్రమే పరిమితం కాదు. విశాఖ మన్యంలో నర్సీపట్నం, చింతపల్లి పరిసరాల కొండల్లో రంగురాళ్ల కోసం దొంగచాటు తవ్వకాలు ఏళ్ల తరబడి సాగాయి. అక్కడ దొరికేది పిల్లికన్ను వంటి వైడూర్యజాతి. రాత్రిపూట ఎలుకబొరియల్లాంటి గుంతల్లో దిగిన గిరిజన కూలీలు మట్టిపెళ్లలు విరిగిపడి చనిపోయిన వార్తలు మనం చదివాం. రాయి కేతుగ్రహ శాంతికి పట్నంలో ఉంగరమవుతుంది. దాన్ని తవ్విన మనిషికి ఏ గ్రహం అడ్డుపడదు. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న రాతికి ఖొండలైట్ అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన మాట అది. దాని నిండా గార్నెట్ ఎర్రచుక్కలే. ఆ కొండలు అరిగి, ఏళ్లలో కొట్టుకొచ్చి, ఉత్తరాంధ్ర సముద్రపుటొడ్డున ఇసుకలో ఎర్రని చారలుగా గార్నెట్ తేలుతుంది. నగకు పనికిరాని ఆ గార్నెట్ ఇసుకతోనే ఇనుపరేకుల తుప్పు రాలగొడతారు, గరుకు కాగితం చేస్తారు. రాహువు దగ్గర చోటు దొరకని రాయి వర్క్‌షాపులో ఉద్యోగం చేస్తున్నది. నా దృష్టిలో అది తక్కువ గౌరవం కాదు.

తెర మీది రాయి

ఫిల్మ్‌నగర్‌కు తిరిగి వద్దాం. పౌరాణిక చిత్రంలో రాజు ఒంటినిండా మెరిసేవి గాజురాళ్లని అందరికీ తెలుసు. 1902లో వెర్నూయి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మంటలో కృత్రిమ కెంపు తయారుచేసే పద్ధతిని ప్రకటించిన తర్వాత ఎరుపు చవకైంది. నాట్యం నేర్చుకునే పిల్లలు పెట్టుకునే కెంపుల సెట్టు ఇప్పుడు ఎక్కువగా కృత్రిమమే. మచిలీపట్నం పక్కన చిలకలపూడి గిల్టు నగలకు తెలుగునాట సామెతంత పేరుంది. గిల్టు అని మనం తిట్టుగా వాడతాం. కాని చిలకలపూడి పనివాని నైపుణ్యం గిల్టు కాదు. నగ అసలుదైనా నకిలీదైనా దాన్ని చేసే చెయ్యి అసలుదే.

నకిలీ రాయి పెట్టుకొని నటించడం తప్పు కాదు. అది నాటకధర్మం. నకిలీ విలువను అసలు విలువగా నమ్మించడం తప్పు. పెళ్లి అంటే ఒంటినిండా నగ, గృహిణి అంటే ఏడురాళ్ల దుద్దు, అదృష్టం అంటే ఉంగరపు రాయి అని వందల చిత్రాలు, వేల ప్రకటనలు నేర్పుతూ వచ్చాయి. ముహూర్తం షాటు దగ్గర కొబ్బరికాయ కొట్టే చేతి ఉంగరాలను చూసి, ఊళ్లో చిన్న రైతు అప్పుచేసి కూతురికి రాళ్ల నగ కొంటాడు. నమ్మకం పైనుంచి కిందికి ప్రవహిస్తుంది, సొమ్ము కిందినుంచి పైకి ప్రవహిస్తుంది.

రచయితలు చేయవలసింది

సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రను 1949లో వెలువరించారు. రాజులను పక్కకు జరిపి, కావ్యాల్లో నుంచి జనం తిండి, బట్ట, ఆట, నగ ఏరి చూపించారు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి పాత నాణేలను తూచి, వాటి అరుగుదలలో నుంచి వర్తక చరిత్రను చదివారు. రాతిలో చిక్కుకున్న వెంట్రుకలాంటి ఖనిజం ఆధారంగా ఒక దారిని పునర్నిర్మించిన ఈనాటి పరిశోధకులది ఆ కోవలోని పనే. వస్తువును నమ్మాలి, వస్తువు మీద కప్పిన మాటను పరీక్షించాలి.

సాహిత్య విద్యార్థులకు నవరత్నాలు ఉపమానాలుగా బాగా తెలుసు. పెదవికి పగడం, పలువరుసకు ముత్యాలు, ఎర్రదనానికి కెంపు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి విదేశాల సరుకులు తెప్పించిన వర్తకుడని చదువుతారు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడని చదువుతారు. ఆ సరుకును ఎవరు తవ్వారు, ఎవరు మోశారు అని అడిగే ప్రశ్నపత్రం నేను పాఠాలు చెబుతున్న ఇన్నేళ్లలో ఒక్కటీ చూడలేదు. ఆ ప్రశ్న వేయడం మొదలుపెడితే మన ప్రాచీన సాహిత్యం పాతబడదు, కొత్తగా పలుకుతుంది.

గరీబ్‌పేట మీద ఒక నవలకు సరిపడే సామగ్రి ఉంది. కొండ ఉంది, బొగ్గు ఉంది, రేవు ఉంది, రెండువేల ఏళ్ల దారి ఉంది. సినిమాకూ సరిపడుతుంది. ఫిల్మ్‌నగర్ నుంచి కొత్తగూడెం ఒక్కరోజు ప్రయాణం కూడా కాదు. అయితే ఆ కథలో మణి దొరికిన రాకుమారుడు కథానాయకుడు కాకూడదు. వానకాలం వెలిసిన మర్నాడు కొండ పాదాన తడిమట్టిలో ఎర్రగా మెరిసిన గింజను ఏరి, కొంగున కట్టుకొని, సంతలో దాన్ని నూకలకు మార్చుకున్న ఒక స్త్రీ ఉండి ఉంటుంది. ఆమె పేరు ఏ శాసనంలోనూ లేదు. పేరు పెట్టవలసిన బాధ్యత రచయితలది.